గాలికి అడ్డం కట్టిన గుడ్డ

మా గుడిసె లోపలి గోడలన్నిటికీ నల్లటి గుడ్డ కట్టి ఉండేది. తారు పూసిన మందపాటి గుడ్డ. గనిలో దాన్ని బ్రాటిస్ అంటారు. భూమి కింద బొగ్గు తవ్వే చోటికి గాలి తనంతట తాను రాదు. పైన పెద్ద ఫ్యాను తిరుగుతుంటుంది. ఆ గాలి దారి తప్పిపోకుండా పనిచేసే మనిషి ముక్కు దాకా చేరాలని ఈ గుడ్డను తెరలా కడతారు. చిరిగి పనికిరాకుండా పోయాక బయట పారేస్తారు. ఆ ముక్కలను మావాళ్లు ఇంటికి తెచ్చుకునేవాళ్లు. వానకు తడవదు, చలిని రానివ్వదు. తడిక గోడలకు అంతకన్నా ఏం కావాలి?

కింద గాలిని తెచ్చే గుడ్డ మా ఇళ్లలో గాలిని ఆపేది. ఈ సంగతి నాకు అర్థమయ్యేసరికి ఒక బిడ్డ పోయింది. రెండో బిడ్డను పోనివ్వకుండా నేను చేసిన కొట్లాట గురించి రాస్తున్నాను. బొగ్గు బావుల దగ్గరి తల్లులు తెలివిలేక పిల్లలను పోగొట్టుకున్నారని, నర్సులు వచ్చి తెలివి నేర్పారని సభల్లో మాట్లాడేవాళ్లను చాలామందిని విన్నాను. వినీ వినీ ఒళ్లు మండి ఈ నాలుగు కాగితాలు ముందేసుకున్నాను.

అరవైల చివరి సంవత్సరాలు. గోదావరిఖనిలో నా పెనిమిటి బదిలీ ఫిల్లరు. అంటే పర్మినెంటు కార్మికుడు ఎవరైనా డ్యూటీకి రాని రోజున తట్ట పట్టుకొని గనిలోకి దిగి, బొగ్గును టబ్బుల్లోకి ఎత్తే మనిషి. అలాంటివాళ్లకు క్వార్టరు రాదు. క్వార్టర్ల వెనక పారే చిన్న వాగు, మా ఒర్రె గట్టున ఎవరికి వాళ్లం తడికలు పాతుకొని ఉండేవాళ్లం. ఇంట్లో ముగ్గురం: ఆయన, నేను, మా అత్త. నాకు చిన్నప్పుడే తల్లి పోయింది. అందుకని తొలి కాన్పు కూడా అత్తగారింట్లోనే అయింది.

కాన్పయిన ఆడదాని మంచం కింద నిప్పులు పెట్టడం మా అత్త తన పల్లె నుంచి తెచ్చుకున్న పద్ధతి. ఒంట్లోకి చలి పోకూడదు, బిడ్డకు గాలి తగలకూడదు. ఆ పల్లెలో వాళ్లది పెంకుటిల్లు. పిడకల నిప్పు కాసేపు వెచ్చగా ఉండి బూడిదయ్యేది, పెంకుల సందుల్లోంచి గాలి వచ్చిపోతూ ఉండేది. ఇక్కడ పిడకలు లేవు. బొగ్గుకు మాత్రం కొదవ లేదు. వాకిట్లో కుప్ప పోసి కాల్చి, పొగంతా పోయి కణకణలాడే ఎర్రటి నిప్పులయ్యాక, "ఇగ మంచిగైనయి" అని కుంపట్లో పోసి లోపలికి తెచ్చేవాళ్లు. పొగ పోయిందంటే చెడు పోయినట్టే అనుకునేవాళ్లం. ఆ పొద్దు నేను కూడా అట్లాగే అనుకున్నాను.

తొలిచూలు ఆడపిల్ల. చలికాలం. తలుపుకు గోనెపట్టా, గోడలకు తారు గుడ్డ, మంచం కింద కుంపటి. నాకు తల పగిలిపోతున్నట్టు నొప్పి వచ్చింది, వాంతి అయింది. లేవబోతే కాళ్లు నావి కానట్టున్నాయి. "సలి పట్టింది దీనికి" అని అత్త ఇంకో నాలుగు నిప్పులు వేసింది. మధ్యాహ్నం బిడ్డను ఒళ్లోకి తీసుకుంటే పాలు పట్టలేదు. బుగ్గలు మాత్రం మందార రేకుల్లా ఎర్రగా ఉన్నాయి. నిద్రపోతుందనుకున్నాం. ఎంతసేపో అట్లాగే అనుకున్నాం.

గాలి సోకిందన్నారు. ఎక్కడో సందు ఉండిపోయిందన్నారు. పక్క గుడిసె వదినె నా తల నిమురుతూ, "ఈసారి కాన్పుకు మంచిగ బందోబస్తు జెయ్యాలె, సీమ దూరే సందు గూడ ఉండొద్దు" అంది. ప్రేమతోనే అంది. ఇప్పటికీ ఆమె మీద నాకు కోపం లేదు.

నేను బడికి పోయింది రెండో తరగతి దాకే. మిగతా చదువు గుడిసె గోడల మీద నేర్చుకున్నాను. తారు గుడ్డ అందని పైభాగాన అత్త పాత పేపర్లు అంటించింది. ఒక పేపరు తలకిందులుగా అంటింది. నిలువు అక్షరాలూ తలకిందుల అక్షరాలూ రెండూ చదవడం వచ్చింది నాకు. బిడ్డ పోయాక ఇంట్లో కూర్చోలేక, బజారు పక్కనున్న లైబ్రరీకి పోవడం మొదలుపెట్టాను. ఒక్కటే గది, రెండు బెంచీలు. పేపర్లు చదువుకునే మగవాళ్లంతా తలలెత్తి చూశారు.

"ఎవరికమ్మా పుస్తకం? మీ ఆయనకా?" అన్నాడు లైబ్రరీ ఆయన.

"ఆయనకు సదువు రాదు సారూ. నాకే."

"నీకేం పుస్తకం కావాలె?"

"ఆ కొసకున్నది ఇయ్యుండ్రి. ఆడికెల్లి ఈ కొస దాకా వస్త."

బెంచీ మీద ఒకాయన పకపకా నవ్వాడు. నవ్వనీ. నేను ఆ కొస నుంచే మొదలుపెట్టాను. పంచాంగాలు, వైద్యాలు, పిల్లల సైన్సు, రాజుల కథలు, చేపల పెంపకం, ఏది దొరికితే అది. చేపలు పెంచే యోగం నాకు ఇప్పటిదాకా రాలేదు గాని, చెరువులో ఆక్సిజన్ తగ్గితే చేపలు పైకి తేలి నోళ్లు తెరుస్తాయని ఆనాడే తెలుసు. లైబ్రరీ చదువని దాన్ని ఎవరైనా తక్కువ చేసి మాట్లాడితే నేను ఒప్పుకోను. సర్టిఫికెట్ ఇవ్వదు, అంతే తేడా.

పిల్లల సైన్సు పుస్తకంలో నిప్పు గురించి ఒక పాఠం ఉంది. మూసిన గదిలో గాలి చాలక బొగ్గు కాలితే ఒక విషపు వాయువు పుడుతుందని, దానికి రంగు లేదు, వాసన లేదని, తలనొప్పి, వాంతి వస్తాయని, నిద్రలో ఉన్నవాళ్లు నిద్రలోనే పోతారని రాసి ఉంది. చనిపోయినవాళ్ల చర్మం ఎర్రగా కనిపిస్తుందని కూడా ఉంది. ఆ వాక్యం కింద నా వేలు ఆగిపోయింది. బెంచీ మీద నవ్విన ఆయన ఆ రోజు కూడా ఉన్నాడు. "ఏమైందమ్మా?" అన్నాడు. పుస్తకం మూసి ఇంటికి వచ్చాను.

అత్తకు చెప్పాను. ఆమె చాటలో బియ్యం చెరుగుతూ విన్నది.

"ఆ పుస్తకం రాసినోడు పిల్లల్ని కన్నడా?"

"ఆయనెట్ల కంటడత్తా?"

"మరి నేను కన్న. నా అవ్వ కన్నది. నిప్పు మీదనే లేసినం, నిప్పు మీదనే తిరిగినం. బాలెంతకు నిప్పు లేకపోతె ఏముంటది, పీనుగ ఉంటది."

ఆయనకు చెప్పాను. ముద్ద నోట్లో పెట్టుకుంటూ, "అవ్వకు జెప్పుకో. ఆడోళ్ల ముచ్చట్ల నన్ను గుంజకు" అన్నాడు.

సభల్లో మాట్లాడే పెద్దమనుషులు ఇక్కడ ఆగి ఆలోచించాలి. నాకు తెలుసు. ఏం జరిగిందో, ఎందుకు జరిగిందో, మళ్లీ జరగకుండా ఏం చేయాలో మొత్తం తెలుసు. తెలిసి ఏం చేయగలిగాను? కోడలి తెలివికి ఆ ఇంట్లో విలువ ఎంత? మళ్లీ కడుపు నిలిచినప్పుడు మా అత్త సంతోషంతో చేసిన మొదటి పని, ఆయనతో ఇంకో రెండు ముక్కల తారు గుడ్డ తెప్పించడం. అది తడికకు రెండో పొరగా పడుతుంటే, నా కడుపులో బిడ్డ మీదనే ఎవరో మట్టి వేస్తున్నట్టు అనిపించింది నాకు.

అప్పుడు వచ్చింది నర్సమ్మ.

కోస్తా జిల్లా మనిషి. సన్నగా, పొడుగ్గా, ఒక చేతిలో గొడుగు, భుజాన నల్ల సంచి. దవాఖాన వాళ్లు ఆమెకు మా ఒర్రె గట్టు గుడిసెలు అప్పజెప్పారు. ప్రతి బుధవారం ఇంటింటికీ తిరిగి కడుపుతో ఉన్నవాళ్లను, చిన్నపిల్లలను చూసి పోవాలి. మొదటి రోజు మా వాకిట్లో నిలబడి, "ఇంట్లో ఎవరైనా ఉన్నారాండి?" అంది.

"ఎవలు లేరు" అంది మా అత్త, గడపలో కూర్చొని.

"మీరున్నారు కదండి?"

"నేనున్న గని, నేను కడుపుతోటి లేను. నాతోటి నీకేం పని?"

చుట్టుపక్కల గుడిసెలన్నీ నవ్వాయి. నర్సమ్మ మొహం ఎర్రబడింది. కాని పోలేదు. వాకిట్లో బోర్లించి ఉన్న బొగ్గు తట్ట మీద కూర్చుంది, తెల్లచీర నల్లగా అవుతుందని చూడకుండా. "అయితే ఆవిడ వచ్చేదాకా మీతోనే మాట్లాడుతానండి" అంది.

"మాట్లాడు. అండి గిండి నాకు రాదు" అంది అత్త.

నేను లోపలి నుంచి బయటికి వచ్చాను. ఇంకేం చేయను, నవ్వు ఆగలేదు.

నర్సమ్మకు అన్నీ తెలుసని నేను చెప్పను. మొదట్లో ఆమె కూడా దవాఖానలో నేర్పిన పాఠం అప్పజెప్పేది. గాలి, వెలుతురు రావాలి, రోజూ కిటికీలు తెరిచి పెట్టుకోవాలి అంది ఒక రోజు.

"కిటికీ ఏడున్నదో సూపెట్టు నర్సమ్మా, ఇప్పుడే తెరుస్త" అన్నాను.

ఆమె మా నాలుగు గోడల వైపు చూసింది. తర్వాత పడీ పడీ నవ్వింది. మళ్లీ ఎన్నడూ కిటికీ మాట ఎత్తలేదు. వచ్చినప్పుడల్లా ఏది ఉందో దాంతోనే మాట్లాడేది. కుండ మీద మూత, చేతులు కడిగే బూడిద, గంజి వార్చకుండా అన్నం. నన్ను ఏం తిన్నావని అడిగేది. అదీ మా అత్త ముందే అడిగేది. కడుపుతో ఉన్నామె ఎక్కువ తింటే బిడ్డ లావై కాన్పు కష్టమవుతుందని మా అత్త నాకు సగం తిండి పెట్టేది. "పొద్దున ఏం తిన్నావు?" అని నర్సమ్మ అడిగితే నేను అత్త వైపు చూసేదాన్ని, అత్త ఒర్రె వైపు చూసేది. రెండు మూడు బుధవారాలు గడిచాయో లేదో, మంగళవారం సాయంత్రం నుంచే నా పళ్లెంలో అన్నం పెరగడం మొదలైంది. తర్వాత తర్వాత అన్ని రోజులూ పెరిగింది. ఎవరో వచ్చి అడుగుతారని తెలిస్తే ఇల్లు ఇంకో రకంగా నడుస్తుంది. ఇది ఏ పుస్తకంలో ఉందో నాకు తెలియదు. నేను మాత్రం నా పళ్లెంలో చదివాను.

ఆమె అత్తను కూడా అడిగేది. అదే నాకు వింత. అప్పటిదాకా ఆ ముసలామెను ఏదైనా అడిగినవాళ్లను నేను చూడలేదు. "నీకు ఎంతమంది పిల్లలు అవ్వా?" అంది ఒక రోజు. అండి వదిలేసి అవ్వా అనడం అప్పటికి నేర్చుకుంది.

అత్త చాట కింద పెట్టింది. "కన్నది అడుగుతున్నవా, బతికింది అడుగుతున్నవా?"

అత్త ఒక్కొక్క కాన్పు చెప్పుకొచ్చింది. ఏ కార్తెలో పుట్టింది, ఎట్లా పోయింది, ఎవరు మట్టి వేశారు. అన్నీ పోగా మిగిలినవాడు నా పెనిమిటి ఒక్కడే. అన్నేళ్లుగా ఒకే చూరు కింద ఉన్నా ఆ కథ నాకు తెలియదు. విన్నంతసేపు నర్సమ్మ సంచి తెరవలేదు. ఆ రోజు మా అత్త మొదటిసారి ఆమెకు చాయ పోసింది. పోసి, "మా ఇంట్ల తాగుతవా?" అంది. నర్సమ్మ గ్లాసు ఖాళీ చేసి, "ఇంకొంచెం ఉందా అవ్వా?" అంది.

అత్త నీళ్లకు పోయిన ఒకనాడు నేను నర్సమ్మకు కుంపటి సంగతి చెప్పాను. తొలి బిడ్డ ఎర్రటి బుగ్గలు చెప్పాను. పుస్తకంలో చదివింది చెప్పాను. చెబుతున్నంతసేపు ఆమె మొహమే చూశాను, ఈమె కూడా నవ్వుతుందేమోనని.

"నిజమే. నువ్వు చదివింది అక్షరాలా నిజం" అంది ఆమె. "మాకు కూడా పాఠంలో చెప్పారు. అవ్వకు నేను చెప్పనా?"

ఒక్క మనిషి, నేను చదివింది నిజమని ఒప్పుకున్న మొదటి మనిషి.

"వద్దు. నువ్వు జెప్తె పరాయిదాని మాట అయితది. నేనే జెప్త. ఆనాడు నువ్వు నా పక్కకు కూసో, సాలు."

మళ్లీ చలికాలంలోనే కాన్పయింది. మంత్రసాని, నర్సమ్మ ఇద్దరూ ఉన్నారు. ఆడపిల్ల. మంత్రసాని బొడ్డు కోయడానికి కొడవలి తీస్తే నర్సమ్మ ఉడకబెట్టిన బ్లేడు ఇచ్చింది. ముర్రుపాలు పిండి పారబోయొద్దు, బిడ్డకు పట్టించాలి అంటే మా అత్త సరే అంది. అంత తొందరగా సరే అన్నందుకు నాకు అనుమానం వచ్చింది. తర్వాత తెలిసింది ఆమె లెక్క. ఆ ఒక్కటీ ఒప్పుకుంటే కుంపటి జోలికి రారని.

"కుంపటి వద్దత్తా" అన్నాను నేను, నర్సమ్మ ఉండగానే.

"పెట్టనులే" అంది.

మూడు రోజులు పెట్టలేదు. నాలుగో రోజు పొద్దున ఒర్రె మీద మంచు దట్టంగా పట్టింది. నేను కన్ను మూసిన అదను చూసి, ఆమె ఎర్రటి నిప్పులు తెచ్చి మంచం కింద పెట్టింది. గోనెపట్టా దించింది, కింది అంచు మీద రాళ్లు పెట్టింది. ద్వేషంతో చేసిందా? కాదు. మనుమరాలు బతకాలని చేసింది. అదే నాకు భయం. ద్వేషమైతే కొట్లాడి గెలవొచ్చు.

తలనొప్పితో మెలకువ వచ్చింది. ఆ నొప్పి నాకు తెలుసు. మనిషి మొహం గుర్తుపట్టినట్టు గుర్తుపట్టాను. పక్కలో బిడ్డ మెత్తగా ఉంది. రొమ్ము నోటికి అందిస్తే పట్టలేదు. గోనెపట్టా సందులోంచి పడ్డ వెలుగులో బుగ్గలు చూశాను.

ఎరుపు.

ఎట్లా లేచానో తెలియదు. బిడ్డను ఛాతీకి అదుముకొని, కాళ్లు తడబడుతుంటే గోనెపట్టాను గుంజి పడేశాను. రాళ్లు దొర్లాయి. జుట్టు విరబోసుకొని, తలకు గుడ్డ లేకుండా, చెవుల్లో దూది లేకుండా, నడివాకిట్లోకి వచ్చి కూలబడ్డాను.

"అయ్యో, పచ్చి బాలెంత!" అని పక్క గుడిసె వదినె గుండె బాదుకుంది. "ఓ అవ్వా, నీ కోడలుకు ఏదో పట్టింది!"

అత్త నీళ్ల బిందె పడేసి ఉరికొచ్చింది. "లోపలికి రాయే! పిల్లను గాలికి ఇస్తవా?"

"ఇస్త. గాలికే ఇస్త."

"ఇయ్యే పిల్లను నాకు!"

"నువ్వు ముట్టకు! పోయినసారి ముట్టినవు సాలు!"

కోడలు అత్తను అట్లా అనడం ఆ గట్టు మీద అంతకుముందు ఎవరూ వినలేదు. ఎవరో నా భుజం పట్టి లేపబోయారు, విదిలించాను. ఆ రోజు బుధవారం. ఒర్రె దాటి వస్తున్న నర్సమ్మకు అరుపులు వినపడ్డాయి. గొడుగు పారేసి పరుగెత్తుకొచ్చింది. గుడిసెలోకి ఒకసారి తొంగి చూసింది, అంతే. బిడ్డను నా చేతుల్లోనే ఉంచి, పైన తన చీర కొంగు కప్పి, మొహానికి మాత్రం గాలి తగలనిచ్చి, అరికాళ్లు రుద్దడం మొదలుపెట్టింది. రుద్దుతూనే ఉంది. నేను ఆ ముక్కు వైపే చూస్తున్నాను. గుడిసెలన్నీ చూస్తున్నాయి.

బిడ్డ చిన్నగా దగ్గింది. మొహం ముడుచుకుంది. తర్వాత ఏడ్చింది, సన్నగా, కోపంగా.

"దవాఖానకు పోదాం, డాక్టరు చూడాలి" అంది నర్సమ్మ.

"ఎవలు పోనిస్తరు?" అంది అత్త. "పురుడు గాకముందే గడప దాటుతదా? దాని మొగడు రానియ్యి."

ఆ మొగడు అప్పుడే వచ్చాడు. రాత్రి షిఫ్టు చేసి ఎక్కడో చాయ తాగి వస్తున్నాడు, ఒంటి నిండా బొగ్గు, కళ్లు మాత్రం తెల్లగా. జనాన్ని చూసి బెదిరిపోయాడు. "ఏందే? ఏమైంది?"

నర్సమ్మ నా వైపు చూసింది. నా పక్కన నేల మీద చతికిలబడి కూర్చుంది. అనుకున్నట్టే, మాట్లాడలేదు. ఆ మనిషి భుజం నా భుజానికి ఆనుతుంటే నా వెన్ను నిటారుగా అయింది.

"ఇగో, నేనొకటి అడుగుత, జెప్పు" అన్నాను ఆయనతో. "గనిల ఫ్యాను ఆగితే ఏం జేస్తరు?"

"ఇప్పుడు గా ముచ్చటెందుకే?"

"జెప్పు."

"అందర్ని బయటికి తోలుతరు."

"బొగ్గు కాలి నిప్పు పడ్డ జాగకు పోనిస్తరా?"

"ఎట్ల పోనిస్తరు? గోడ కట్టి మూస్తరు. ఆ గాలి పీలిస్తె ఉన్నకాడ్నే పడిపోతరు."

"పొగ లేకపోతె పోవచ్చా?"

"పొగ కాదే సంపేది. అది కండ్లకు కనవడది." చెబుతూ చెబుతూ ఆయన గొంతు మెల్లబడింది.

"బ్రాటిస్ గుడ్డ ఎందుకు కడ్తరు?"

"గాలి రానీకి..."

"మరి ఇంట్ల ఎందుకు కట్టినవు?"

ఆయన గుడిసె వైపు తిరిగాడు. తెరిచిన గడపలోంచి మంచం, మంచం కింద ఎర్రగా కుంపటి, చుట్టూ రెండు పొరల నల్ల గుడ్డ, అన్నీ కనిపిస్తున్నాయి. రోజూ చూసేవే. ఆయన వాటిని అప్పుడే మొదటిసారి చూస్తున్నట్టు నిలబడిపోయాడు. ప్రాణానికి ప్రాణంగా గనిలో కాపాడుకునే సంగతి, దీపం దించి టోపీ తీసి ఇంటికి వస్తూ గని దగ్గరే వదిలేసి వచ్చేవాడు. మా గట్టు మీది మగవాళ్లంతా అంతే.

"అవ్వా" అన్నాడు, "ఇది నిజమే."

మా అత్త ఆయన్ను నమ్మింది. పుస్తకాన్ని కాదు, నన్ను కాదు, కొడుకు నల్లటి మొహాన్ని నమ్మింది. ఆమె బొగ్గు తట్ట మీద కూర్చుంది.

"గట్లయితె..." అంది. "పోయిన పిల్లను... నేనే..."

నేను ఆ మాటను పూర్తి చేయనివ్వలేదు. కొద్దిసేపటి కింద నేనే అన్నాను దాదాపు అదే మాట. బిడ్డ ఏడుపు వినపడ్డాక నాకు ఆ కోపం అవసరం లేకపోయింది.

"కాదత్తా. మీ ఊర్ల పిడకలుండె, పెంకుల ఇల్లుండె. ఆడ నువ్వు జేసింది మంచిదే. ఇక్కడ బొగ్గున్నది. బొగ్గు సంగతి నీకెవలు జెప్పిండ్రు? పొద్దున్లేస్తె దాంట్లనే దిగెటోళ్లు గూడ జెప్పకపాయె."

ఆ చివరి మాట అంటున్నప్పుడు ఆయన వైపు చూశాను. చూడాలనే చూశాను.

అందరం కలిసి దవాఖానకు పోయాం, అత్త కూడా. పురుడు కాని బాలెంత ఒర్రె దాటింది. ఆకాశం ఏమీ ఊడిపడలేదు. బిడ్డను ఆ పూటంతా ఉంచుకొని, ఫరవాలేదని పంపారు. ఇంటికి రాగానే ఆయన కొడవలితో తారు గుడ్డ పరపరా కోసేస్తుంటే, మా అత్త చేయి పట్టుకొని ఆపింది.

"మొత్తం తీస్తవారా తెలివితక్కువోడా? పిల్లకు సలి పెట్టదా? పైన కొయ్యి, గాలి తిరిగేతట్టు. కింద ఉండనియ్యి."

కుంపటిని వాకిట్లో చూరుకు దూరంగా పెట్టింది. ఇసుకను మూట కట్టి దాని మీద వెచ్చబెట్టి, చేత్తో ముట్టి చూసి, మూటను మాత్రం లోపలికి తెచ్చి బిడ్డ కాళ్ల దగ్గర పెట్టింది. అది నర్సమ్మ చెప్పింది కాదు, నా పుస్తకంలో ఉన్నది కాదు. ఆమె సొంత తెలివి. నర్సమ్మ చూసి, "ఇది మిగతా ఇళ్లలో కూడా చెప్తాను అవ్వా" అంది.

"నువ్వెందుకు? నేను లేనా?" అంది అత్త.

చెప్పింది కూడా. తాను మారానని మాత్రం చచ్చినా ఒప్పుకోలేదు. ఏ గుడిసెలో బాలెంత ఉందని తెలిసినా పోయి గడపలో నిలబడి, "ఓ పిల్లా, ఆ కుంపటి బయట పెట్టుండ్రి. నాకు ఆ సెగ పడది, ఇట్ల కూసుంటె తలకాయ నొస్తది" అనేది. ముసలామె కోసం కుంపటి బయటికి వచ్చేది. ఆమె ఎంతసేపటికీ లేచేది కాదు.

రెండేళ్ల తర్వాత దవాఖాన నుంచి ఒక ఆఫీసరు వచ్చి నర్సమ్మ తిరుగుళ్లు చాలిస్తామన్నాడు. "వీళ్లకు అన్నీ తెలిసిపోయాయి కదా. ఇంకా నర్సు ఇంటింటికీ ఎందుకు?" అన్నాడు ఆమెతో, మేమంతా వింటుండగానే.

"సారూ, నేనొక మాట జెప్పొచ్చునా?" అన్నాను. "నాకు నర్సమ్మ రాకముందే తెలుసు. లైబ్రరీల సదివిన. మా ఆయనకు నాకంటె ముందే తెలుసు, గనిల నేర్పిండ్రు. ఇద్దరికి తెలిసి గూడ మా ఇంట్ల కుంపటి కదల్లే. తెలుసుడు వేరే, ఇంట్ల మాట సాగుడు వేరే. బుధవారం బుధవారం ఒక మనిషి వచ్చి మా పక్కన కూసుంటెనే మా మాట సాగింది."

"ఎంత చదివావమ్మా నువ్వు?" అన్నాడాయన.

"ఆ కొస నుంచి సగం దాక వచ్చిన సారూ."

ఆయనకు అర్థం కాలేదు. మా అత్త మనుమరాలిని చంకలో వేసుకొని ముందుకొచ్చింది. "ఆమెను ఆపుతె మేమే అందరం నీ దవాఖానకు వస్తం. పొద్దుగాల్నే వస్తం. పిల్లల్ని ఏసుకొని ఆన్నే కూసుంటం. నీ ఇష్టం."

తిరుగుళ్లు ఆగలేదు. కొన్నాళ్లకు నర్సమ్మకు బదిలీ అయింది, ఇంకొకామె వచ్చింది. వచ్చిన రోజే కిటికీలు తెరవమంది. కిటికీ ఎక్కడుందో చూపించమని అడిగి, మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాం.

కోసి తీసిన తారు గుడ్డను మా అత్త పారేయలేదు. వాకిట్లో నాలుగు గుంజలు పాతించి పైన పందిరిలా కట్టించింది. బుధవారాలు ఆ నీడలోనే నర్సులు కూర్చునేవాళ్లు, గట్టు మీది పిల్లల బరువులు చూసేవాళ్లు. నా బిడ్డ దాని కిందనే నడక నేర్చింది. పైన నల్ల గుడ్డ, నాలుగు వైపులా గాలి.